తెల్ల బానెట్ మీద పసుపు

“ముక్కు ఎడమకు వోయింది సూడు. బియ్యపు గింజంత.”

“వోయింది ముక్కు గాదు, నీ కన్ను.”

మా ఆయనా నేనూ చివరగా మాట్లాడుకున్నవి ఈ రెండు మాటలే. మొదటిది ఆయనది, రెండోది నాది. నేను నవ్వాను. ఆయన చేతులు తుడుచుకుని, రంగులో కలిపే థిన్నర్ కోసం రోడ్డు అవతల దుకాణానికి పోయాడు. అక్కడి బల్ల మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగాడు. దవాఖానకు చేరేలోపే అయిపోయింది. ఆ ఏడుపంతా రాయించను. ఏడ్చాను, అంతే. ఈ కథ ఆ ముక్కుది.

నాకు సంతకం వరకే వచ్చు. రాస్తున్నది మా అన్న బిడ్డ. కాలేజీలో చదువుతోంది. నేను ‘గిట్ల’ అంటే తను ‘ఇలా’ అని రాస్తుంది. పుస్తకంలో అలాగే ఉండాలంటుంది. సరే అన్నాను. మనుషులు నోటితో అన్నవి మాత్రం అన్నట్టే పెట్టమన్నాను.

ముక్కు అంటే కారు బానెట్ మీద పైకి లేచి ఉండే డొప్ప. వేగంగా ఉరికే కార్లకు పెట్టిస్తారు. ఎదురుగాలి దాంట్లోకి దూరి, లోపల కాగుతున్న ఇంజినును చల్లబరుస్తుంది. కార్లవాళ్లు స్కూప్ అంటారు, మా షెడ్డులో ముక్కు అనే అంటాం. షోకు కోసం పెట్టించుకునేవాళ్లే ఎక్కువ. వాళ్లది బానెట్ మీద అతికించిన ఉత్త డొప్ప, కింద రంధ్రమే ఉండదు. నాకు అలాంటివంటే నవ్వు. ఊపిరి ఆడని ముక్కు ఎందుకు?

మాది జడ్చర్లలో పెద్దరోడ్డు పక్కన రేకుల షెడ్డు. సొట్టలు తీస్తాం, రంగులు వేస్తాం. నంబర్ ప్లేట్ల మీద ఏపీ పోయి టీఎస్ వచ్చిన రోజుల్లో మా ఆయన దాన్ని పెట్టాడు. అంతకుముందు పట్నంలో ఒకరి దగ్గర కూలికి చేసేవాడు. మొదట్లో నేను సద్ది తెచ్చి, ఆయన తిన్నదాకా ఉండి, గిన్నెలు పట్టుకుని పోయేదాన్ని. ఒకరోజు ఒక కారు తలుపు, ఒక గరుకు కాగితం నా ముందు పడేసి, “ఊకె కూసునే బదులు జర రుద్దు” అన్నాడు. రుద్దాను. ఆయన వేళ్లతో తడిమి చూశాడు. పోయి ఇంకో తలుపు తెచ్చి పెట్టాడు. ఆ మనిషి మెచ్చుకోవడమంటే అదే.

మా అత్తగారి ఊరు ఆత్మకూరు. మట్టిగోడలు అలికిన చేతులు నావి. కంటికి నున్నగా కనిపించే రేకులో గుంట ఉంటే నా అరచేతికి తెలిసిపోతుంది. అందుకని రుద్దే పని నాది, రంగు కొట్టే గన్ను ఆయనది. అలా ఏళ్లు గడిచాయి.

ఆ ముక్కు ఒక పళ్ల డాక్టరుది. పట్నంలో ఆస్పత్రి ఉంది. పెద్దమనిషే, నలభై దాటినవాడు. ఆదివారం వస్తే చాలు, పందెపు దారి మీద కారు తోలడానికి పోతాడు. కారు తెల్లది, పాలలా ఉంటుంది. దాన్ని మా షెడ్డులో వదిలి, పళ్ల డాక్టరై ఉండి, ఎర్రబస్సు ఎక్కి పోయాడు. ఆయన కోరింది ఒక్కటే. ముక్కును పెట్టి అతికించినట్టు ఉండకూడదు, బానెట్‌లోంచే మొలిచినట్టు ఉండాలి. మధ్యలో గీత కనబడకూడదు.

చెప్పినంత సులువు కాదది. బానెట్ ఇనుప రేకు, ముక్కు ఫైబర్. ఎండకు, ఇంజిను వేడికి రెండూ ఒక్కతీరుగా సాగవు. సందులో ఉత్త పుట్టీ నింపి రంగు వేస్తే, రెండు నెలల్లో ఆ అంచు వెంట జుట్టులాంటి పగులు వస్తుంది. మా ఆయన పోయేనాటికి బానెట్ కింది పట్టీలు తెగకుండా వాటి మధ్య రంధ్రం కోసి, కోసిన అంచుకు తుప్పు పట్టకుండా మందు పూసి, ముక్కును నాలుగు బోల్టులతో వదులుగా నిలబెట్టాడు. అంతవరకే.

దినాలు అయిన మర్నాడు మా బావ షెడ్డుకు వచ్చాడు. మా ఆయనకు అన్న, ఆత్మకూరులోనే వ్యవసాయం. ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని షెడ్డు నడిమధ్య కూర్చున్నాడు.

“గీడ ఒక్కదానివి ఏం జేస్తవు బిడ్డా? ఊరికి రా. మా కండ్ల ముంగట ఉంటవు. షెడ్డును టైర్లోళ్లు అడుగుతుండ్రు, కిరాయికిద్దాం.”

“డాక్టరు బానెట్ సగంల ఉంది బావా.”

“సగంల ఉంటే సగమే ఇస్తం. ఆడిది కారుకు రంగేసుడు యాడనన్న సూసినవా?”

“పండుగకు ఇంటికి సున్నం ఏసేది ఎవలు బావా? మీరా?”

బావకు నవ్వు వచ్చింది కానీ మీసాల కింద దాచుకున్నాడు. చెడ్డవాడు కాదు. తమ్ముడి పెళ్లాం రోడ్డు పక్కన లారీల మధ్య ఒంటరిగా ఉండడం ఆయనకు నచ్చలేదు. నాకేమో ఆ షెడ్డు తప్ప వేరే బతుకు తలుచుకోబుద్ధి కాలేదు. ఊరికి పోతే ఒకరి ఇంట్లో ఒక మూల నాది అవుతుంది. ఇక్కడ రేకుల కప్పు కింద ప్రతి అడుగూ నాదే.

మేం మాట్లాడుతుండగానే డాక్టరు పరామర్శకు వచ్చాడు. బానెట్ వంక చూసి, “ఇబ్బంది పడకండమ్మా, నేను వేరేచోట చేయించుకుంటాను” అన్నాడు.

“సారూ, పన్ను సగం తవ్వి, మిగిలింది ఇంకో డాక్టరు తాన చూపెట్టుకోమని పంపుతరా మీరు?”

ఆయన పెద్దగా నవ్వాడు. వచ్చే ఆదివారం కాక, ఆ పై ఆదివారం వస్తానన్నాడు. డాక్టరు పోయాక బావ లేచి చెప్పాడు.

“ఇను. గా డాక్టరు వంక వెట్టకుండ తీసుకవోతే షెడ్డు నీది, నేను నోరెత్త. వంక వెట్టిండా, తాళంచెయ్యి నా చేతుల వెట్టి బస్సెక్కాలె.”

“గట్లనే బావా.”

ఆయన ఊరికి పోయాక, అన్నిటికంటే ముందు ఒక దారం తీశాను. అద్దం నడిమి నుంచి బానెట్ తాళం నడిమి దాకా బిగించి కట్టి, ముక్కు రెండు పక్కలా కొలిచాను. ఎడమకు పోయింది. బియ్యపు గింజంతే. మా ఆయన గెలిచాడు. ఖాళీ షెడ్డులో నేను ఒక్కదాన్నే పకపకా నవ్వితే, పక్కన ఛాయ్ బండి నడిపే, నేను చెల్లె అని పిలుచుకునే ఆమె గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది.

“అక్కా, ఏమైందే? పిచ్చిగిన లేసిందా?”

“మా ఆయన మాట నిజమైందే.”

“సచ్చినంక గూడ నిన్ను ఓడగొడుతుండా?”

ఇద్దరం అక్కడే నేల మీద కూలబడి నవ్వాం. కొంచెం ఏడ్చాం కూడా, కానీ ఎక్కువ నవ్వే. లేచి గుండ్రటి ఆకురాయితో బోల్టు రంధ్రాలను ఒక దిక్కుకు సాగదీసి, ముక్కును కుడికి జరిపాను.

తర్వాత పని ఇలా సాగింది. ముక్కు అంచు కూర్చునే మేర బానెట్ రంగును రేకు మెరిసేదాకా గీకాను. ఫైబర్ అడుగును గరుకు చేశాను. రెండు గొట్టాల గమ్ కలిపి పూసి, కింద నుంచి రబ్బరు వాషర్లు వేసి, బోల్టులను ఒక్కోదాన్ని కొంచెం కొంచెం బిగించాను. ఒకేసారి బిగిస్తే ఫైబర్ చిట్లుతుంది. గమ్ గట్టిపడ్డాక అంచును ఏటవాలుగా అరగదీసి, ఆ సందు మీద ఫైబర్ గుడ్డ పట్టీలను ఆరితే గట్టిపడే మందులో ముంచి పరిచాను. మొదట సన్నది, దాని మీద వెడల్పుది, దాని మీద ఇంకా వెడల్పుది. విరిగిన కాలికి కట్టు కట్టినట్టే. సందును పట్టి ఉంచేది ఆ పట్టీలే. వాటి మీద పైపైన పుట్టీ, పల్చగా.

ఇక రుద్దడం. రుద్దేటప్పుడు ఎక్కడ పల్లం ఉందో తెలియడానికి మా ఆయన డబ్బాలోని నల్లరంగును పొగమంచులా కొట్టేవాడు. ఆ డబ్బా ఖాళీ. ఛాయ్ బండి పొయ్యిలోని బొగ్గును మెత్తగా నూరి, గుడ్డతో అంతటా పామాను. చెక్క ముక్కకు కాగితం చుట్టి రుద్దితే ఎత్తులు తెల్లగా తేలతాయి, పల్లాల్లో బొగ్గు నల్లగా మిగులుతుంది. నల్ల మచ్చ మిగిలినచోట మళ్లీ పుట్టీ, మళ్లీ రుద్దడం. చివరికి కళ్లు మూసుకుని అరచెయ్యి ఆనించి పోనిచ్చాను. బానెట్ ఎక్కడ అయిపోయిందో, ముక్కు ఎక్కడ మొదలైందో చేతికి తెలియలేదు. ఆ రోజు రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాను.

గన్ను పట్టుకోవడమే భయం. పనికిరాని తలుపుల మీద ఎప్పుడైనా కొట్టానేమో కానీ, ఒకరి బండి మీద ఎన్నడూ లేదు. చెల్లెను అడిగితే తన ఛాయ్ బండి ఇచ్చింది, దాని మీద నేర్చుకోమని. మొదటిసారి చెయ్యి ఆగి ఆగి పోయింది. రంగు కొవ్వొత్తి కరిగినట్టు కిందికి కారింది.

“నా బండి ఏడుస్తున్నదక్కా.”

“కండ్లు తుడుస్త తియ్యే.”

గీకి మళ్లీ కొట్టాను. మూడోసారికి చెయ్యి ఆగకుండా ఒకే దూరంలో, ఒకే నడకలో పోయింది. పెద్దరోడ్డు మీద అంత తెల్లని ఛాయ్ బండి ఇంకోటి లేదు. కొత్త బండి అనుకుని లారీ డ్రైవర్లు ఆగారు.

శుక్రవారం తెల్లారగానే, లారీల దుమ్ము లేవకముందే, నేలంతా నీళ్లు చల్లి, కారు నుంచి విప్పి, ప్రైమర్ వేసి నున్న చేసి ఉంచిన బానెట్‌కు తెల్లరంగు కొట్టాను. మొదట ముక్కు లోపల, తర్వాత పక్కలు, ఆఖరున చదునుగా ఉన్నచోట. అది ఆరాక మీద మెరుపు కోసం క్లియర్ రెండు పూతలు. ఒక దోమ వచ్చి ముక్కు మీదే వాలింది. సూదితో దాని కాళ్లు కూడా మిగలకుండా తీశాను. మధ్యాహ్నానికి అందులో నా మొహం కనబడింది. నుదుట బొట్టు లేకుండా ఆ మొహాన్ని నేను సరిగ్గా చూసుకున్నది అప్పుడే. కాసేపు చూసి, దుమ్ము పడకుండా షెడ్డు తలుపు మూశాను.

ఇప్పుడు తప్పు సంగతి. మా షెడ్డులో ఒక రివాజు ఉంది. పని అయిన బండికి పసుపు, కుంకుమ పెట్టకుండా అప్పగించం. పెట్టేది ఎప్పుడూ నేనే. అద్దం మీద పెట్టేదాన్ని, రంగు మీద పెట్టేదాన్ని కాదు. ఎందుకని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఈసారి నేను పెట్టకూడదనుకున్నాను. ఎవరూ వద్దనలేదు, నాకే ధైర్యం చాలలేదు. శనివారం పొద్దున చెల్లెను పిలిచాను. శుభానికి నేను ఎదురుగా ఉండొద్దని షెడ్డు వెనక్కి పోయి, బకెట్లు కడుగుతూ నిలబడ్డాను.

తను ప్రేమ ఎక్కువైన మనిషి. పసుపును నూనెలో కలిపి, ముక్కు మీద, ఎదురుగా, మూడు బొట్లు పెట్టింది. ఒక్కోటి రూపాయి బిళ్లంత. వాటి నడుమ కుంకుమ చుక్కలు. “అక్కా, రా, పెండ్లిపిల్ల లెక్కున్నది” అని కేకేసింది.

వచ్చి చూసి గుండె మీద చెయ్యి పెట్టుకున్నాను. క్లియర్ కొట్టి ఒక్క రోజే అయింది, ఇంకా లోపల పచ్చిగానే ఉంది. తడిగుడ్డతో తుడిస్తే కుంకుమ పోయింది, నూనె పోయింది. పసుపు పోలేదు. పాల మీద మూడు పచ్చటి మచ్చలు. సబ్బునీళ్లు పెట్టాను. పోలేదు. సరిగ్గా అప్పుడే ఆత్మకూరు బస్సు దిగి బావ లోపలికి వచ్చాడు. ఆదివారం తీర్పు కదా, ఒకరోజు ముందే వచ్చాడు.

ముక్కు చూశాడు, నన్ను చూశాడు, చెల్లెను చూశాడు. తను పసుపు చేతులు కొంగులో దాచుకుంది.

“కారుకు కామెర్లు వచ్చినట్టున్నయి గదనే” అన్నాడు.

రుద్ది తీద్దామంటే ఆ వంపు మీద క్లియర్ పల్చన. కాగితం పెట్టానంటే కింది తెలుపు బయటపడుతుంది. మళ్లీ రంగు వేద్దామంటే అది ఆరే వ్యవధి లేదు. చెల్లె ఏడుపు మొదలుపెట్టింది. తన కొంగు వంక చూస్తే దానికీ పసుపు అంటింది. అప్పుడు తట్టింది. చీరకు పసుపు అంటితే మనం ఏం చేస్తాం? ఉతికి, రుద్దకుండా, మండే ఎండలో ఆరేస్తాం. సాయంత్రానికి మచ్చ తనంతట తానే వెలిసిపోతుంది. ఏ పెయింటరూ ఈ మాట చెప్పడు, పెయింటర్లు పసుపంటిన చీరలు ఉతకరు కదా.

“పట్టవే, బయటికి తెద్దాం.”

“ఎండలనా? నిన్న ఏసిన రంగును?” బావ కుర్చీలోంచి లేచాడు. “ముక్కు కాడ సందు పగులుతది పిల్లా!”

ఆ భయం నాకూ ఉంది. అప్పటిదాకా నీడలో ఉన్న అతుకు అది. ఇనుమూ ఫైబరూ ఎండలో ఎవరి దారి వారు చూసుకుంటే జుట్టంత గీత వస్తుంది, షెడ్డు పోతుంది. ఎండలో పెట్టకపోతే పసుపు ఉంటుంది, అప్పుడూ షెడ్డు పోతుంది.

“పగిలితే తాళంచెయ్యి ఇస్త బావా. జర ఆ కొస వట్టుకోండ్రి.”

పట్టుకున్నాడు. ముగ్గురం మోసి, రెండు స్టాండ్ల మీద ముక్కు సూర్యుడికి ఎదురుగా ఉండేటట్టు పెట్టాం. మా ఎండ సంగతి తెలిసిందే. రేకు మీద నీటిచుక్క పడితే చుయ్‌మనేంత కాగింది. పొద్దు జరిగినప్పుడల్లా బానెట్‌ను జరిపాను. దుమ్ము లేవకుండా చుట్టూ నీళ్లు చల్లాను. గంటకోసారి అంచు వెంట వేలు పోనిచ్చి వెతికాను. చెల్లె కాకుల్ని తోలింది. బావ నీడలో కూర్చుని, “ఇప్పుడెట్లున్నది?” అని అడుగుతూ నాలుగు ఛాయ్‌లు తాగాడు. సాయంత్రానికి మచ్చలు నిమ్మపండు రంగుకు దిగాయి. ఆదివారం పొద్దున మళ్లీ ఎండకు పెట్టాం. తొమ్మిది దాటాక రెండు మచ్చలు కనబడలేదు. మూడోది, ఉందని తెలిసినవాళ్లకే కనబడేంత మిగిలింది. అదీ పోతుందని చూస్తుండగా డాక్టరు ఆటో దిగాడు.

తిన్నగా ముక్కు దగ్గరికి పోయాడు. చెయ్యి పెట్టి, కాలి, వెనక్కి తీసుకున్నాడు. జేబులోంచి చిన్న టార్చి తీశాడు. పట్టపగలు ఎండలో టార్చి! ముక్కు లోపల వేసి చూశాడు, అంచు మీద వేసి చూశాడు. చిటికెన వేలి గోరుతో అంచు వెంట మెల్లగా గీసుకుంటూ చుట్టూ తిరిగాడు, పంటి సందు వెతికినట్టు. ఒకసారి ఆగాడు. మళ్లీ కదిలాడు.

“ఎప్పటి నుంచి ఎండలో ఉందమ్మా ఇది?”

“నిన్నటి సంది సారూ.”

“అతుకు ఆగుతుందో లేదో పరీక్షించారా?”

ఔనంటే సరిపోయేది. బావ కూడా అలాగే అనమన్నట్టు తల ఊపుతున్నాడు. కానీ నోట్లోంచి నిజమే వచ్చింది.

“లే సారూ. పసుపంటింది. పోవాలని వెట్టిన.”

జరిగిందంతా చెప్పాను. ఆయన మచ్చ కోసం మళ్లీ టార్చి వేసి వెతికాడు, దొరకలేదు. నేను చూపిస్తే, “ఇదా? మా ఇంట్లో గోడల మీద ఇంతకంటే ఎక్కువున్నాయి” అన్నాడు. బానెట్ బిగించాం. కారు తీసుకుని పెద్దరోడ్డు మీదికి పోయాడు. అరగంట రాలేదు. ఆ అరగంటలో బావ కుర్చీలోంచి లేవలేదు, ఛాయ్ అడగలేదు. తిరిగొచ్చాక ఇంజిను సెగలు కక్కుతుండగానే డాక్టరు బానెట్ ఎత్తి, ధడాలున వేశాడు. మళ్లీ ఎత్తి, మళ్లీ వేశాడు. గోరుతో ఇంకో చుట్టు తిరిగాడు.

“గీత లేదమ్మా. నేను పెట్టిన పళ్లు కూడా ఇంత సాఫుగా ఉండవు. తీసుకుపోతున్నాను” అన్నాడు.

బండి కదిలే ముందు చెల్లెను పిలిచాను, పసుపు పెట్టమని.

“అమ్మో, నీ దండం వెడ్త. నేను రాను. నువ్వే వెట్టుకో” అని తన ఛాయ్ బండి వెనక్కి పోయి దాక్కుంది.

ఎవరో ఒకరు పెట్టాలి. నేనే పెట్టాను, అద్దం మీద. బావ చూస్తూనే ఉన్నాడు. లేచి, కారుకు అడ్డం లేకుండా కుర్చీ జరుపుకున్నాడు. ఆ తర్వాత మా షెడ్డులోంచి పోయిన ప్రతి బండికీ నేనే పెడుతున్నాను.

సాయంత్రం బస్సు దాకా సాగనంపాను. తాళంచెయ్యి మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. బస్సు మెట్టు మీద కాలు పెట్టి, వెనక్కి తిరిగాడు.

“నా ట్రాక్టరు బానెట్ మొత్తం తుప్పువట్టింది. ఎర్రగ జేస్తవా?”

“చేస్త బావా. కానీ రెండు కార్లు ముందుగాల ఉన్నయి. వాటెన్క మీదే.”

“సొంత బావను గూడ వరుసల నిలవెడ్తవా?”

“షెడ్డు నాది గద బావా.”

బస్సు కదిలింది. లోపల సీట్లో కూర్చున్నాక కూడా ఆయన మీసాలు నవ్వుతూనే ఉన్నాయి.

ఇగ చాలు బిడ్డా, చెయ్యి నొప్పి లేసిందేమో. ఏదీ, మొదటి నుంచి సదువు, ఇంటా. ఆ పట్టీలు సన్నది ముందు, వెడల్పుది వెనక అని సరిగ్గ రాసినవా లేదా? ఎవరన్న సూసి చేసుకుంటే ముక్కు ఊడకూడదు. మెల్లగ సదువు.